జేమ్స్ వెబ్ టెలిస్కోప్ ఫొటోల్లో నెబ్యులా (అంతరిక్షంలో గ్యాస్, దుమ్ము మేఘం) లోపల కనపడే ఎర్ర చుక్కలు నిజంగా పుడుతున్న నక్షత్రాలేనా? వెనకాల ఉన్నవి కావని ఎలా తెలుస్తుంది?

అర్ధరాత్రి_ఆకాశం:

నమస్తే అందరికీ. కొన్ని వారాలుగా ఇదే ఆలోచన, ఎక్కడ చదివినా సగమే అర్థమవుతోంది, అందుకే ఇక్కడ అడుగుతున్నా, కాస్త ఓపిగ్గా చెప్పండి.

ఈగిల్ నెబ్యులాలో పిల్లర్స్ ఆఫ్ క్రియేషన్ అనే గ్యాస్, దుమ్ము స్తంభాల ఫొటోలు మూడు పక్కపక్కన పెట్టుకుని చూస్తున్నా. మొదటిది హబుల్ 1995లో తీసింది. రెండోది జేమ్స్ వెబ్ నియర్ ఇన్‌ఫ్రారెడ్ కెమెరా, అంటే నిర్‌కామ్‌ది, 2022 అక్టోబర్‌లో వచ్చింది. మూడోది అదే నెలాఖర్లో రిలీజ్ చేసిన మిడ్ ఇన్‌ఫ్రారెడ్ ఫొటో, మిరి అనే పరికరంతో తీసింది. హబుల్ ఫొటోలో ఆ స్తంభాలు రాతిగోడల్లా ఉంటాయి, లోపల ఏముందో అస్సలు తెలీదు. నిర్‌కామ్‌కి వచ్చేసరికి అవే స్తంభాలు పొగలా పల్చబడిపోయి ఎక్కడ చూసినా నక్షత్రాలే, వేలకొద్దీ. సరే, ఇన్‌ఫ్రారెడ్ (ఎరుపు దాటిన, కంటికి కనపడని వెలుగు) దుమ్ములోంచి దూరి వచ్చేస్తుందని అందరూ చెప్పేదే కదా అనుకున్నా. కానీ మిరి ఫొటో చూశాక ఆ లెక్క తిరగబడింది, నక్షత్రాలు దాదాపు అన్నీ మాయం, స్తంభాలు మళ్ళీ చిక్కగా బూడిద రంగులో నిలబడి ఉన్నాయి. ఇన్‌ఫ్రారెడ్‌లోకి ఇంకా లోతుగా వెళ్తే ఇంకా బాగా దూరి రావాలి కదా, ఉల్టా ఎందుకయ్యింది?

ఇంకో డౌట్, అసలు నన్ను ఎక్కువ పీకుతున్నది ఇదే. ఫొటో కింద "ఈ ఎర్ర చుక్కలు అప్పుడే పుడుతున్న నక్షత్రాలు" అని రాస్తారు. దుమ్ములోంచి చూడగలుగుతున్నాం అంటే దుమ్ము వెనకాల వందల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న మామూలు ముసలి నక్షత్రం కూడా కనపడాలి కదా. మరి ఈ చుక్క లోపల పుడుతోంది, ఆ చుక్క వెనకాల ఉంది అని ఒక్క ఫొటో చూసి ఎలా చెప్పేస్తున్నారు? రంగులు ఎలాగూ వాళ్ళే వేస్తారంటున్నారు, ఇక ఎరుపుకి అర్థమేముంది? మా పాప ఇదే అడిగితే నా దగ్గర జవాబు లేదు, తెలిసినట్టు ఏదో ఒకటి చెప్పేయడం ఇష్టం లేదు.

దుమ్ము_దారి:

చాలా మంచి ప్రశ్న అండీ, ముఖ్యంగా ఆ ఉల్టా అయ్యిందన్న మాట. నాకూ మొదట్లో అక్కడే చిక్కుపడింది. అసలు సంగతి ఏంటంటే "ఇన్‌ఫ్రారెడ్‌లో నెబ్యులాని చూడటం" అని ఒకే పేరుతో పిలుస్తున్నవి రెండు వేరు వేరు పనులు. ఒకటి దుమ్ము అవతల ఉన్నదాన్ని చూడటం, రెండోది ఆ దుమ్మునే చూడటం. నిర్‌కామ్ ఎక్కువగా మొదటి పని చేస్తుంది, మిరి ఎక్కువగా రెండోది చేస్తుంది.

మొదటి పని చూద్దాం. నెబ్యులాలో దుమ్ము అంటే మన ఇంట్లో దుమ్ము లాంటిది కాదు, సిలికేట్, కార్బన్ రేణువులు, సైజు చూస్తే మైక్రాన్‌లో (మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) పదో వంతు, అటూ ఇటూ. సిగరెట్ పొగలో రేణువుల లెక్కకి దగ్గర అనుకోండి. కంటికి కనపడే వెలుగు వేవ్‌లెంగ్త్ 0.4 నుంచి 0.7 మైక్రాన్లు, అంటే రేణువు సైజుకి దగ్గర్లోనే ఉంది, కాబట్టి రేణువు దాన్ని పట్టుకుంటుంది లేదా పక్కకి చెదరగొడుతుంది. వేవ్‌లెంగ్త్ రేణువు కంటే బాగా పెద్దదైపోతే ఆ వెలుగు రేణువుని పెద్దగా పట్టించుకోకుండా దాటుకుని వచ్చేస్తుంది. 2.2 మైక్రాన్ల దగ్గర దుమ్ము అడ్డు, మాగ్నిట్యూడ్ (నక్షత్రాల వెలుగుని కొలిచే స్కేలు) లెక్కలో, కంటి వెలుగుకి ఉండే అడ్డులో సుమారు తొమ్మిదో వంతే. వినడానికి చిన్న తేడాలా ఉంటుంది కానీ మాగ్నిట్యూడ్ అనేది లాగ్ స్కేలు కదా, లెక్క కట్టి చూడండి: కంటి వెలుగు పదివేలలో ఒక వంతు మాత్రమే బయటపడే చోట 2.2 మైక్రాన్ల వెలుగు దాదాపు మూడో వంతు బయటికి వచ్చేస్తుంది. నిర్‌కామ్ పనిచేసేది 0.6 నుంచి 5 మైక్రాన్ల మధ్య, అందుకే మీకు గోడ పొగైపోయినట్టు కనపడింది.

ఇప్పుడు రెండో పని. ఏ వస్తువైనా దాని వేడిని బట్టి వెలుగుతుంది. సూర్యుడి ఉపరితలం 5,800 కెల్విన్ (సెల్సియస్‌కి 273 కలిపితే వచ్చే లెక్క) దగ్గర ఉంటుంది కాబట్టి దాని వెలుగు 0.5 మైక్రాన్ల దగ్గర అన్నిటికంటే ఎక్కువ. మన ఒళ్ళు 310 కెల్విన్, కాబట్టి మనం కూడా వెలుగుతూనే ఉన్నాం, కాకపోతే 9 మైక్రాన్ల చుట్టూ, కంటికి ఆనదు. మిరి చూసేది 5 నుంచి 28 మైక్రాన్లు. ఆ రేంజ్‌లో మామూలు నక్షత్రం తన వెలుగులో చాలా కొద్ది భాగమే ఇస్తుంది, అది అక్కడే ఉంటుంది, మసకబారిపోతుంది అంతే. అదే సమయంలో చుట్టుపక్కల వేడి నక్షత్రాల అల్ట్రావయొలెట్ తగిలి కాగిన దుమ్ము, దానితోపాటు పీఏహెచ్ అనే కార్బన్ రింగుల అణువులు సరిగ్గా ఆ రేంజ్‌లోనే మెరుస్తాయి, 7.7 మైక్రాన్లు, 11.3 మైక్రాన్ల దగ్గర మరీ గట్టిగా. అంటే మిరి ఫొటోలో మీరు చూస్తున్న ఆ బూడిద రంగు స్తంభం వెలుగుని ఆపుతున్న గోడ మాత్రమే కాదు, చాలా చోట్ల తనే వెలుగుతున్న గోడ.

ఇంకో మెలిక కూడా ఉంది. వేవ్‌లెంగ్త్ పెరిగే కొద్దీ దుమ్ము అడ్డు తగ్గుతూనే పోతుంది అనుకోకండి. 10 మైక్రాన్లకి కొంచెం ఇవతల, 9.7 దగ్గర, సిలికేట్ రేణువులు వెలుగుని గట్టిగా మింగుతాయి, అక్కడ అడ్డు మళ్ళీ లేస్తుంది. కాబట్టి "ఎంత ఎక్కువ ఇన్‌ఫ్రారెడ్ అయితే అంత బాగా దూరుతుంది" అన్న మాటే పూర్తిగా కరెక్ట్ కాదు.

మీ రెండో డౌట్‌కి నాకంటే బాగా చెప్పేవాళ్ళు ఇక్కడ ఉన్నారు, వాళ్ళకి వదిలేస్తున్నా.

కొత్తగా_వచ్చా:

ఒక్క మాట, ఆ స్తంభాలు ఇప్పుడు లేవంట కదా? 6,000 సంవత్సరాల క్రితమే పక్కన సూపర్‌నోవా పేలి కొట్టుకుపోయాయని, వెలుగు మనదాకా రావడం లేటు కాబట్టి ఇంకా కనిపిస్తున్నాయని ఎక్కడో చదివా. మరి అలాంటప్పుడు అక్కడ నక్షత్రాలు పుడుతున్నాయి అనడం తప్పే కదా?

స్పెక్ట్రమ్_చూద్దాం:

ముందు పైన అడిగిన ఆయనకి. ఆ మాట 2007లో వచ్చింది, స్పిట్జర్ టెలిస్కోప్ ఫొటోలో ఆ చుట్టుపక్కల వేడి దుమ్ము కనపడితే అది సూపర్‌నోవా షాక్ వల్ల కాగి ఉండొచ్చు అని ఒక టీమ్ అన్నది. కానీ దుమ్ము వేడెక్కడానికి అక్కడున్న పెద్ద నక్షత్రాల వెలుగు, వాటి నుంచి ఎగసే కణాల గాలి కూడా కారణం కావొచ్చు, సూపర్‌నోవానే అయ్యుండాలని లేదు, అందుకే చాలామంది ఆ మాటని ఒప్పుకోలేదు. 2015లో చిలీలో ఉన్న వీఎల్‌టీ అనే పెద్ద టెలిస్కోప్ మీద మ్యూజ్ అనే పరికరంతో స్తంభాలు ఎంత స్పీడుగా కరుగుతున్నాయో లెక్కగట్టారు. మొత్తం బరువు సుమారు 200 సూర్యుళ్ళంత, పది లక్షల సంవత్సరాలకి సుమారు 70 సూర్యుళ్ళంత పదార్థం పోతోంది, ఆ లెక్కన ఇంకో 30 లక్షల సంవత్సరాలు నిలుస్తాయి. మనకీ వాటికీ దూరం 6,500 కాంతి సంవత్సరాలు, ఆ లెక్క ముందు ఈ 6,500 ఎంత? అవి ఇప్పటికీ అక్కడే ఉన్నాయనుకోవడమే సబబు.

ఇక అర్ధరాత్రి గారూ, మీ రెండో డౌట్. మీరు పట్టుకున్న పాయింట్ నూటికి నూరుపాళ్ళు కరెక్ట్. ఒక్క ఫొటోలో ఎర్రగా ఉన్నంత మాత్రాన అది పుడుతున్న నక్షత్రం అని ఎవరూ చెప్పలేరు, చెప్పకూడదు. దుమ్ము వెనకాల ఉన్న ముసలి నక్షత్రం కూడా ఎర్రగానే కనిపిస్తుంది, ఎందుకంటే దుమ్ము దాని వెలుగులో చిన్న వేవ్‌లెంగ్త్‌లని ఎక్కువగా తినేసి పెద్దవాటిని వదులుతుంది, సాయంత్రం సూర్యుడు ఎర్రబడినట్టే. కాబట్టి ఎరుపు రెండు రకాలుగా వస్తుంది, పరిశోధకుల పని అంతా ఆ రెండు ఎరుపుల్ని విడదీయడమే.

ఎలా విడదీస్తారంటే, ఒక నక్షత్రాన్ని ఒక ఫిల్టర్‌లో కాకుండా నాలుగైదు ఫిల్టర్లలో కొలుస్తారు, 1.2 మైక్రాన్లు, 1.6, 2.2, అలా పైకి, కుదిరితే 24 దాకా. దుమ్ము వెనకున్న మామూలు నక్షత్రం అయితే చిన్న వేవ్‌లెంగ్త్ వైపు వెలుగు తగ్గుతుంది, ఆ తగ్గే తీరుకి ఒక లెక్క ఉంది, దుమ్ము ఎంత మందంగా ఉన్నా ఆ నక్షత్రం, ఫిల్టర్ల మధ్య వెలుగు తేడాలతో గీసిన గ్రాఫ్‌లో, ఒకే వాలు గీత వెంబడి జరుగుతుంది తప్ప పక్కకి పోదు. దుమ్ము పెద్ద వేవ్‌లెంగ్త్ వైపు కొత్తగా వెలుగుని పుట్టించలేదు కదా, ఉన్నదాన్ని కోస్తుంది అంతే. కానీ పుడుతున్న నక్షత్రం చుట్టూ గ్యాస్, దుమ్ము కలిసిన డిస్క్ తిరుగుతూ ఉంటుంది, ఆ డిస్క్ లోపలి అంచు వెయ్యి కెల్విన్ పైన కాగుతూ, బయటికి పోయే కొద్దీ చల్లబడుతూ ఉంటుంది. ఆ డిస్క్ వేడి వల్ల 2 మైక్రాన్లు దాటాక, అసలు నక్షత్రానికి ఉండాల్సిన వెలుగు కంటే ఎక్కువ వెలుగు వస్తుంది. దీన్ని ఇన్‌ఫ్రారెడ్ ఎక్సెస్ అంటారు. గ్రాఫ్‌లో అది ఆ వాలు గీత నుంచి పక్కకి జరిగిపోయి కూర్చుంటుంది. వెనకాల నక్షత్రం ఎంత ఎర్రబడినా ఆ చోటికి మామూలుగా రాలేదు.

1980లలో చార్లెస్ లాడా ఈ లెక్క మీదే క్లాస్‌లు పెట్టాడు. వెలుగు పెద్ద వేవ్‌లెంగ్త్ వైపు పెరుగుతూ పోతే క్లాస్ 1, చుట్టూ ఇంకా దట్టమైన గ్యాస్ తొడుగు ఉంది. కాస్త తగ్గుతూ డిస్క్ వెలుగు మాత్రం మిగిలితే క్లాస్ 2. డిస్క్ దాదాపు పోతే క్లాస్ 3. తర్వాత 1993లో వీటన్నిటికంటే ముందు దశ ఒకటి కలిపారు, క్లాస్ 0, అంటే కేంద్రంలో పోగైనదానికంటే ఇంకా పైనుంచి పడాల్సిన పదార్థమే ఎక్కువ ఉన్న దశ.

ఇప్పుడు మళ్ళీ మీ మూడు ఫొటోలకి రండి. నిర్‌కామ్‌లో ఉన్న వేల నక్షత్రాల్లో చాలావాటికి దుమ్ము తొడుగు లేదు, అవి మిరిలో మాయమయ్యాయి. మిరిలో స్తంభాల అంచుల దగ్గర కొన్ని ఎర్ర చుక్కలు మాత్రం మిగిలాయి చూడండి, వాటికి ఇంకా దుమ్ము తొడుగు వదల్లేదు. అంటే మీరు ఉల్టా అయ్యింది అనుకున్న ఆ మిరి ఫొటోనే మీ రెండో డౌట్‌కి సగం జవాబు!

ఇంకో సాక్ష్యం కూడా ఉంది, నాకు అన్నిటికంటే ఇష్టమైంది. పుడుతున్న నక్షత్రం పదార్థాన్ని లోపలికి లాక్కుంటూనే రెండు ధ్రువాల వైపు నుంచీ సన్నటి జెట్లుగా కొంత బయటికి చిమ్ముతుంది. ఆ జెట్ చుట్టూ ఉన్న గ్యాస్‌ని గుద్దితే హైడ్రోజన్ అణువులు కాగి 2.12 మైక్రాన్ల దగ్గర, 4.7 దగ్గర మెరుస్తాయి, వెబ్‌లో సరిగ్గా వాటికోసమే సన్నటి ఫిల్టర్లు పెట్టారు. వెనకాల ఉన్న ముసలి నక్షత్రం ఇలా చిమ్మదు. పెర్సియస్ నక్షత్ర మండలంలో హెచ్‌హెచ్ 211 అని ఒకటుంది, సుమారు 1,000 కాంతి సంవత్సరాల దూరం, 2023లో వెబ్ తీసిన ఫొటో చూడండి, మధ్యలో నక్షత్రం అసలు కనపడదు, అటూ ఇటూ జెట్ మాత్రం పడవ ముందు నీళ్ళు చీలినట్టు చీల్చుకుంటూ పోతోంది. తొడుగు అంత దట్టంగా ఉందన్నమాట, ఇన్‌ఫ్రారెడ్‌కి కూడా అందలేదు, కానీ లోపల ఒకటి పుడుతోందన్న సంగతి బయట జెట్ చెప్పేస్తోంది.

మరీ అన్నీ పుడుతున్నవే అని కూడా కాదు. 1995 హబుల్ ఫొటోలో స్తంభాల కొనల మీద చిన్న చిన్న ముద్దలు చూసి ఒక్కోదాంట్లో ఒక్కో నక్షత్రం పెరుగుతోందేమో అనుకున్నారు, వాటికి ఎగ్స్ అని పేరు కూడా పెట్టారు. తర్వాత వీఎల్‌టీతో నియర్ ఇన్‌ఫ్రారెడ్‌లో 73 ముద్దల్ని వెతికితే 11 వాటిలో మాత్రమే నక్షత్రం ఉన్న ఆనవాలు దొరికింది, 2002లో వచ్చింది ఆ పేపర్. మిగతావి ఉత్త ముద్దలే. ఇలా కాదని తేలడం కూడా ఇన్‌ఫ్రారెడ్ వల్లే కుదిరింది కదా.

రాత్రి_కాపలా:

రంగుల సంగతి నేను చెప్తా. వెబ్ డిటెక్టర్లకి రంగు తెలీదు, ఒక ఫిల్టర్ పెట్టి ఎంత వెలుగు పడిందో కొలుస్తాయి, వచ్చేది నలుపు తెలుపు ఫొటోనే. తర్వాత అన్నిటికంటే చిన్న వేవ్‌లెంగ్త్ ఫిల్టర్‌కి నీలం, మధ్యవాటికి ఆకుపచ్చ, అన్నిటికంటే పెద్దదానికి ఎరుపు ఇస్తారు, మన కంటికి ఉన్న వరసే, మొత్తం పక్కకి జరిపారంతే. కాబట్టి ఎరుపుకి అర్థం ఉంది, "ఇక్కడ పెద్ద వేవ్‌లెంగ్త్ వెలుగు ఎక్కువ" అని. ఇష్టం వచ్చినట్టు వేసిన రంగు కాదు.

ఇంకో సంగతి, హబుల్ 1995 ఫొటో అసలు రంగు, వెబ్‌ది నకిలీ రంగు అని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. హబుల్ ఫొటోలో సల్ఫర్ వెలుగుకి ఎరుపు, హైడ్రోజన్ వెలుగుకి ఆకుపచ్చ, ఆక్సిజన్‌కి నీలం ఇచ్చారు. హైడ్రోజన్ ఆల్ఫా వెలుగు నిజానికి ఎర్రటి ఎరుపు, దాన్ని ఆకుపచ్చ చేశారు, ఎందుకంటే సల్ఫర్ వెలుగు కూడా ఎరుపే, రెండిటికీ ఎరుపే ఇస్తే ఏది ఏదో విడిగా కనపడదు.

నా 8 అంగుళాల టెలిస్కోప్‌లో ఈగిల్ నెబ్యులాని చాలాసార్లు చూశా. నక్షత్రాల గుంపు చక్కగా కనపడుతుంది, చుట్టూ పల్చటి బూడిద రంగు పొగ, అంతే. స్తంభాలు నాకు ఎప్పుడూ కనపడలేదు. అయినా ఆ పొగని చూస్తూ "లోపల పని జరుగుతోంది" అని తెలిసి చూడటం వేరేగా ఉంటుందండీ.

కొత్తగా_వచ్చా:

థాంక్స్ అండీ, ఆ సూపర్‌నోవా మాట ఇన్నేళ్ళూ నిజమే అనుకున్నా. ఇంకొకటి, టీవీ రిమోట్ ముందు ఫోన్ కెమెరా పెడితే ఇన్‌ఫ్రారెడ్ వెలుగు కనపడుతుంది కదా, మరి మామూలు కెమెరా సెన్సర్‌నే టెలిస్కోప్‌కి తగిలించి భూమ్మీద నుంచే తీయొచ్చుగా, పైకి పంపడం దేనికి అంత కష్టపడి?

దుమ్ము_దారి:

రిమోట్ వెలుగు సుమారు 0.94 మైక్రాన్లు బ్రో, అది ఇన్‌ఫ్రారెడ్ గుమ్మం దగ్గరే ఉంది. ఫోన్‌లో ఉండే సిలికాన్ సెన్సర్ 1.1 మైక్రాన్లు దాటితే గుడ్డిదైపోతుంది. వెబ్‌లో నియర్ ఇన్‌ఫ్రారెడ్‌కి మెర్క్యురీ, కాడ్మియం, టెల్లూరియం కలిపిన డిటెక్టర్లు, మిరికి ఆర్సెనిక్ కలిపిన సిలికాన్.

భూమ్మీద నుంచి అస్సలు కుదరదని కాదు. 1967లో ఒరయన్ నెబ్యులా వెనక మేఘంలో కంటి వెలుగుకి అస్సలు కనపడని ఒక వస్తువుని బెక్లిన్, నోయిగెబాయర్ అనే ఇద్దరు నేల మీద టెలిస్కోప్‌తోనే పట్టుకున్నారు, వాళ్ళ పేరే పెట్టారు దానికి. కానీ గాలిలో నీటి ఆవిరి ఇన్‌ఫ్రారెడ్‌లో పెద్ద భాగాన్ని మింగేస్తుంది, కొన్ని కిటికీలు మాత్రమే తెరిచి ఉంటాయి. అంతకంటే పెద్ద ఇబ్బంది ఏంటంటే గాలి, టెలిస్కోప్ అద్దం, గొట్టం, అన్నీ 10 మైక్రాన్ల దగ్గర వాటంతట అవే వెలుగుతుంటాయి. పట్టపగలు, టెలిస్కోప్‌కే మంట పెట్టి, నక్షత్రాల్ని చూడటానికి ప్రయత్నించినట్టు ఉంటుంది.

అందుకే పైకి పంపడం, పంపి చల్లబరచడం. 1983లో ఐరాస్ అనే ఇన్‌ఫ్రారెడ్ టెలిస్కోప్ 57 సెంటీమీటర్ల అద్దంతో వెళ్ళి ద్రవ హీలియం అయిపోయేదాకా పది నెలలు పనిచేసింది, ఆకాశంలో 96 శాతం చూసింది, నక్షత్రాలు పుట్టే మేఘాలు ఎంత వెలుగుతాయో మొదటిసారి అప్పుడే మొత్తంగా తెలిసింది. 2003లో స్పిట్జర్, 85 సెంటీమీటర్ల అద్దం, హీలియం 2009 మేలో అయిపోయింది, ఆ తర్వాత 3.6, 4.5 మైక్రాన్ల కెమెరాలు మాత్రమే మిగిలి 2020 జనవరి దాకా నడిచాయి. చల్లదనం పోతే కన్ను పోయినట్టే అన్నమాట, అద్దం బాగున్నా సరే. వెబ్‌కి ఆ తిప్పలు తప్పించారు, ఐదు పొరల గొడుగు నీడలో టెలిస్కోప్ దానంతట అదే 40 కెల్విన్ దగ్గరికి చల్లబడుతుంది, మిరికి మాత్రం అది చాలదు, హీలియం గ్యాస్‌ని తిప్పుతూ ఉండే కూలర్‌తో 7 కెల్విన్ లోపుకి దింపుతారు, అది మూసిన గొట్టాల్లోనే తిరుగుతుంది కాబట్టి ఆవిరై అయిపోవడం అంటూ ఉండదు. అద్దం 6.5 మీటర్లు, అంటే అదే వేవ్‌లెంగ్త్‌లో స్పిట్జర్ కంటే ఏడు రెట్ల పైన సన్నగా విడదీసి చూపిస్తుంది. స్పిట్జర్ ఒక చుక్క అని రాసుకున్న చోట వెబ్ రెండు నక్షత్రాలు, ఒక జెట్, దాని పక్కన వెలుగుతున్న దుమ్ము అంచు, ఇలా విడదీసి చూపిస్తుంది.

అర్ధరాత్రి_ఆకాశం:

ఇంత వివరంగా చెప్తారనుకోలేదు, అందరికీ చాలా థాంక్స్. రెండు ఎరుపులు అన్న మాట దగ్గర నా చిక్కు విడిపోయింది. ఫొటోలు మళ్ళీ తెరిచి ఒక్కో చోట పోల్చి చూస్తున్నా, నిర్‌కామ్‌లో కళ్ళు చెదిరేలా మెరిసిన వాటిలో చాలా వరకు మిరిలో జాడే లేదు, మీరన్నట్టే అంచుల దగ్గర ఎర్ర చుక్కలు మాత్రం ఉన్నాయి.

ఇప్పుడింకో ప్రశ్న వచ్చింది. డిస్క్, తొడుగు, జెట్, ఇవన్నీ నక్షత్రం ఒకటి మొదలయ్యాక వచ్చేవి కదా. అసలు ఇంకా ఏదీ వెలగకముందు, మేఘం అప్పుడే కూలడం మొదలుపెట్టినప్పుడు ఎలా ఉంటుంది? దాన్ని కూడా వెబ్ చూడగలదా? ఇంకోటి, పుట్టడం అని ఏ నిమిషాన్ని అంటారు?

స్పెక్ట్రమ్_చూద్దాం:

ఇక్కడ వెబ్ ఒక్కటే సరిపోదండీ. ఆ దశలో మేఘం 10 కెల్విన్ దగ్గర ఉంటుంది, సున్నాకి కింద 263 డిగ్రీలు. అంత చల్లటి దుమ్ము వెలుగు 290 మైక్రాన్ల దగ్గర ఎక్కువ, మిరి 28 దగ్గరే ఆగిపోతుంది. ఆ వెలుగుని చూసింది హెర్షెల్ అనే యూరప్ టెలిస్కోప్, 3.5 మీటర్ల అద్దం, 2009 నుంచి 2013 దాకా. అది చూపించింది ఏంటంటే ఈ మేఘాలు ముద్దలు ముద్దలుగా కాకుండా దారాల్లా అల్లుకుని ఉంటాయి, దగ్గర్లోని మేఘాల్లో చాలా దారాల వెడల్పు కాంతి సంవత్సరంలో మూడో వంతు దగ్గరే వచ్చింది, ఆ దారాలు బరువెక్కిన చోట పూసల్లా ముద్దలు కడతాయి, అవే రేపటి నక్షత్రాలు. ఆ వెడల్పు అన్ని చోట్లా ఒకేలా ఎందుకుంది, నిజంగానే అలా ఉందా అన్నది ఇప్పటికీ వాదన నడుస్తున్న విషయం.

టెలిస్కోప్‌కి పెట్టిన ఆ పేరు విలియం హెర్షెల్‌ది, 1800లో ప్రిజంతో ఎండని విడదీసి ఎరుపు దాటాక ఏ రంగూ లేని చోట థర్మామీటర్ పెడితే వేడి కనపడింది ఆయనకే, ఇన్‌ఫ్రారెడ్ కథ అక్కడే మొదలు. ఆకాశంలో నక్షత్రాలు లేని నల్లటి చోట్లు చూసి అవి నిజంగానే ఖాళీలు అనుకున్నది కూడా ఆయనే. అలాంటి "ఖాళీ" ఒకటి బార్నార్డ్ 68, చిన్న నల్లటి మేఘం, కంటి వెలుగులో చూస్తే ఆకాశానికి చిల్లు పడ్డట్టే ఉంటుంది. 2 మైక్రాన్ల దగ్గర చూస్తే వెనకాల నక్షత్రాలు దాంట్లోంచి కనపడతాయి. ఇక్కడ చూడండి, మీరు మొదట అడ్డంకి అనుకున్న వెనకాల నక్షత్రాలే ఇక్కడ కొలబద్ద. ఒక్కో నక్షత్రం ఎంత ఎర్రబడిందో కొలిస్తే ఆ నక్షత్రం దిశలో దుమ్ము ఎంత ఉందో తెలుస్తుంది, అలా 2001లో ఆ మేఘం లోపల ఎక్కడ ఎంత చిక్కగా ఉందో మొత్తం మ్యాప్ గీశారు. దాంట్లో ఇంకా నక్షత్రం లేదు, కూలడానికి అంచు మీద ఉన్నట్టు లెక్క తేలింది.

మరీ దట్టమైన మేఘాలు కొన్ని మిడ్ ఇన్‌ఫ్రారెడ్‌లో కూడా నల్లగానే ఉంటాయి, వెనకాల మెరుస్తున్న పాలపుంత మీద సిరా ఒలికినట్టు. 1990లలో దొరికాయి ఇవి, పెద్ద నక్షత్రాలు, గుంపులు పుట్టేది ఎక్కువగా ఇలాంటి చోట్లే.

పుట్టిన నిమిషం అంటూ ఒకటి లేదు. మేఘం కూలుతుంటే కేంద్రం వేడెక్కుతుంది, ఆ పడుతున్న బరువు వల్ల వచ్చే వేడితోనే ప్రోటోస్టార్, అంటే ఇంకా పూర్తిగా నక్షత్రం కానిది, వెలుగుతుంది, హైడ్రోజన్ మండదు ఇంకా. టారస్ (వృషభ రాశి) వైపు ఎల్1527 అని ఒక ప్రోటోస్టార్ ఉంది, సుమారు 460 కాంతి సంవత్సరాల దూరం, వెబ్ 2022 నవంబర్ ఫొటోలో ఇసుక గడియారంలా నారింజ, నీలం రంగుల్లో కనపడుతుంది, మధ్యలో సన్నటి నల్ల గీత ఉంటుంది, అది డిస్క్‌ని పక్క నుంచి చూస్తున్నాం. దాని వయసు సుమారు ఒక లక్ష సంవత్సరాలు. సూర్యుడంత నక్షత్రం ఇలా మొదలై కేంద్రంలో హైడ్రోజన్ నిలకడగా మండే దాకా సుమారు 5 కోట్ల సంవత్సరాలు పడుతుంది, దాంట్లో దట్టమైన తొడుగులో ఉండేది మొదటి 5 లక్షల సంవత్సరాలు మాత్రమే, అంటే నూటికి ఒక్క వంతు. ఆ ఒక్క వంతు కంటి వెలుగుకి దొరకదు, ఇన్‌ఫ్రారెడ్ లేకపోతే నక్షత్రం మొదటి రోజులు మనకి ఎప్పటికీ తెలిసేవి కావు.

రాత్రి_కాపలా:

పాపకి చూపించడానికి అయితే పిల్లర్స్ కంటే రో ఒఫియూకీ ఫొటో తీసుకోండి, 2023 జులైలో వెబ్ మొదటి ఏడాది పూర్తయినప్పుడు ఇచ్చింది. నక్షత్రాలు పుట్టే చోట్లలో మనకి బాగా దగ్గరిది, 390 కాంతి సంవత్సరాలు, జ్యేష్ఠ నక్షత్రం పక్కనే ఉంటుంది. ముందు వెనక నక్షత్రాలు తక్కువ, కాబట్టి మీరన్న గందరగోళం తక్కువ. ఆ ఒక్క ఫొటోలో 50 దాకా పిల్ల నక్షత్రాలు ఉన్నాయి, ఎక్కువ భాగం సూర్యుడంతవి లేదా ఇంకా చిన్నవి. ఎర్రటి జెట్లు అడ్డంగా పోతుంటాయి, కింద ఒక పెద్ద నక్షత్రం తన గాలితో దుమ్ములో గుహ తవ్వుకుంది. కొన్ని నక్షత్రాల దగ్గర డిస్క్ నీడ కూడా పడి ఉంటుంది, జూమ్ చేసి వెతకమనండి.

అర్ధరాత్రి_ఆకాశం:

చూపించానండీ ఇప్పుడే. జెట్లు తనే కనిపెట్టింది, నేను చెప్పలేదు. తర్వాత పిల్లర్స్ నిర్‌కామ్ ఫొటో అడిగి స్తంభాల అంచుల దగ్గర లావాలా ఎర్రగా మెలికలు తిరిగి ఉన్నచోట వేలు పెట్టి ఇవి కూడా జెట్లేనా అంది. అవేనా?

స్పెక్ట్రమ్_చూద్దాం:

అవేనండీ. పుడుతున్న నక్షత్రాలు చిమ్మిన పదార్థం స్తంభం గ్యాస్‌ని గుద్దిన చోట్లు అవి, ఆ ఎరుపు కాగిన హైడ్రోజన్ అణువులది. పై నుంచి రెండో స్తంభం, మూడో స్తంభం దగ్గర అన్నిటికంటే బాగా కనపడుతుంది. వాటిని చిమ్మిన నక్షత్రాల వయసు కొన్ని లక్షల సంవత్సరాలు అని అంచనా. పాపకి చెప్పండి, సరిగ్గా పట్టుకుందని.